ఆపరేషన్ ఎవరి నిర్ణయం?

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన ప్రొఫెసర్ రమా మేల్కోటే చాలామందికి తెలంగాణ ఉద్యమానికి అండగా నిలిచిన మేధావిగా తెలుసు. ఆమె పనిలో అంతగా చర్చకు రానిది స్త్రీల ఆరోగ్యం. 1978లో హైదరాబాద్‌లో పుట్టిన స్త్రీ శక్తి సంఘటనలోనూ, 1985లో మొదలైన అన్వేషి పరిశోధన కేంద్రంలోనూ ఆమె తొలి నుంచీ ఉన్నారు. ఇంగ్లీషు అధ్యాపకులు సూసీ తారు, వసంత కన్నబిరాన్, జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఆమె సహచరులు. పాఠాలు చెప్పుకునేవాళ్లకు గర్భనిరోధకాలతో ఏం పని అనిపించవచ్చు. నల్లగొండ, పాలమూరు పల్లెల్ని చూస్తే మాత్రం అది వాళ్ల పనేనని ఒప్పుకోక తప్పదు. ఎంతమందిని కనాలి, ఎప్పుడు ఆపాలి అన్నది డాక్టరు దాకా వెళ్లకముందే ఇల్లు, ఊరు, ప్రభుత్వం తేల్చేస్తున్నాయి. అధికారం ఎలా నడుస్తుందో చదివి, చదివించేవాళ్లు పట్టించుకోవాల్సిన విషయం ఇదే.

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగింది చూడండి. నెట్-ఎన్ అనే ఇంజెక్షన్ ఒకసారి వేస్తే రెండు నెలలు గర్భం రాదు. దాన్ని అక్కడి ఆడవాళ్లకు వేయడానికి ఏర్పాట్లు జరిగాయి. అది ఇంకా ప్రయోగదశలో ఉన్న మందని, నెలసరి గతి తప్పవచ్చని వచ్చినవాళ్లకు ఎవరూ చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన సభ్యులు వెళ్లి డాక్టర్లను అడిగితే సంగతి బయటపడింది. తెలిశాక చాలామంది ఇంజెక్షన్ వేయించుకోకుండానే వెళ్లిపోయారు. మరుసటి ఏడాది స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ అనే మహిళా సంఘం మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకెక్కాయి. 2000లో కేసు ముగిసేనాటికి ఆ మందును సామూహికంగా వాడటం మంచిది కాదని ప్రభుత్వమే చెప్పింది. ఆ రోజు ఆరోగ్య కేంద్రంలో మందు మారలేదు, డాక్టర్లు మారలేదు. ఆడవాళ్లకు నాలుగు మాటలు తెలిశాయి, అంతే. ఆ మాటల్నే అందరికీ అందుబాటులో పెట్టే ప్రయత్నం 1991 నాటి ‘సవాలక్ష సందేహాలు’. ఒంటి గురించి ఆడవాళ్లు ఎవరినీ అడగలేని ప్రశ్నలకు తెలుగులో జవాబులు చెప్పిన పుస్తకం అది. అంతకుముందు తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ కోసం తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీ శక్తి సంఘటన వాళ్లే నమోదు చేశారు. అజ్ఞాతవాసంలో కాన్పు, చంటిబిడ్డను వదులుకోవడం కూడా ఆ పోరాట చరిత్రలోవేనని ఆ పుస్తకం వల్లే చాలామందికి తెలిసింది.

ఇప్పటి సంగతికి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 62 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లకు చేసే వేసెక్టమీ ఇంతకంటే చిన్నది, సులువైనది. అయినా దాని లెక్క నూటికి రెండు మూడు దాటదు. ఆపరేషన్ శిబిరాలను మూడేళ్లలో మానేయాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. అయినా 2022 ఆగస్టులో, సాగర్ రోడ్డు మీదున్న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి డీపీఎల్ అనే లాపరోస్కోపీ పద్ధతిలో ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు చనిపోయారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదని 1994 చట్టం పెట్టిన నిబంధన కూడా, అమల్లో ఉన్నంతకాలం, చిన్న కుటుంబం కోసం పెట్టిన ఒత్తిడిలో భాగమే అయింది. దేవరకొండ, చందంపేట తండాల్లో ఆడశిశువుల అమ్మకాలు, హత్యలు బయటపడినప్పుడు తప్పును తల్లుల మీదికి నెట్టేయడం సులువైంది. కానీ ఒకప్పుడు ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకున్న లంబాడీల్లోకి వరకట్నం వచ్చింది. కొడుకు కావాలి, సంసారం చిన్నదిగా ఉండాలి అన్న రెండు ఒత్తిళ్లూ కలిసి ఆడపిల్ల మీద పడ్డాయి. రుక్మిణీ రావు స్థాపించిన గ్రామ్య సంస్థ అక్కడ ఏళ్ల తరబడి పనిచేయాల్సి వచ్చింది అందుకే.

దీనికి ఎదురు ప్రశ్నలున్నాయి. జననాలు తగ్గాయి కదా, ప్రసవ మరణాలు తగ్గాయి కదా అంటారు. నిజమే. తెలంగాణలో సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య 1.8కి దిగింది. 2018-20లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 43. ఇవి చిన్న విజయాలు కావు, ఏఎన్ఎంల, ఆశా కార్యకర్తల కష్టం వీటిలో ఉంది. కానీ ఆ భారం మోసింది ఎవరో ఈ అంకెలు చెప్పవు. అంతకంటే గట్టి ప్రశ్న మరొకటి: ఇంజెక్షన్‌ను అడ్డుకుని, మొగుడికి తెలియకుండా జాగ్రత్తపడాలనుకునే ఆడమనిషికి ఉన్న ఒక దారి మూసేశారు కదా? ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. అయితే మాత్రల్ని, కాపర్-టీని, నిరోధ్‌ను ఏ మహిళా సంఘమూ కోర్టుకు లాగలేదు. అవి దశాబ్దాలుగా ఉన్నా పల్లెటూరి ఆడదానికి దక్కింది ఆపరేషన్ ఒక్కటే. దారులు మూసింది ప్రశ్నించినవాళ్లయితే ఇవి వాడుకలో ఉండాలి కదా! 2017 నుంచి ‘అంతర’ పేరుతో మరో ఇంజెక్షన్ సర్కారు దవాఖానాల్లోకి వచ్చింది. వేసుకున్నాక నెలల తరబడి రక్తం పోతుంటే చూసే దిక్కు సబ్‌సెంటర్‌లో ఉందా అన్న ప్రశ్న దానికీ వర్తిస్తుంది.

మరి పాఠాలు చెప్పేవాళ్లు ఏం చేయాలి? ఇవాళ నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. తల్లి ఆపరేషన్ చేయించుకున్న ఇంటి నుంచే అక్కడి క్లాసుకు వచ్చే అమ్మాయిలు ఎందరో. రాజ్యాంగం పాఠంలో 21వ అధికరణం వస్తుంది. బిడ్డను కనడం, కనకపోవడం స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 2009లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఆ పాఠంలోనే చెప్పాలి. పంచాయతీరాజ్ పాఠంలో ఇద్దరు పిల్లల నిబంధన వల్ల పోటీకి దూరమైన ఆడవాళ్ల సంగతి రావాలి. ప్రాజెక్టు పని పేరుతో విద్యార్థులను సొంత ఊళ్లకే పంపి, ఆపరేషన్‌కు ఎవరు తీసుకెళ్లారు, వేలిముద్ర వేయించుకున్న కాగితాన్ని చదివి వినిపించారా, ఇంటికొచ్చాక నొప్పొస్తే ఎవరైనా వచ్చి చూశారా అని అడిగించి రాయించాలి.