మేక ముట్టని ఆకు

పులికాట్ ఒడ్డున సర్కారు తుమ్మ చాలా ఉంది. మేకలు దాని ముదురాకు ముట్టవు. ఎందుకని? ఆకు చేదు, కొమ్మకు ముళ్లు. చెట్టు పారిపోలేదు కదా! అట్లా ఆకును కాపాడుకుంటుంది.

కాయ మాత్రం తియ్యన. తేనెటీగలు పూలమీద వాలతాయి. వాటి ఒంటికి పుప్పొడి అంటుతుంది. అది వేరే చెట్టు పూలకు చేరితే కాయ కడుతుంది. మేక ఆ కాయ తింటుంది. గింజ అరగదు. పెంటికల్లో పడి మొలుస్తుంది. మేకతోనే విత్తనం చల్లించుకుంటుంది, గడుసు చెట్టు!

ఇది అమెరికా ఖండాల చెట్టు. మద్రాసు అడవుల అధికారి బెడ్డోమ్ దొర మొక్కల శాస్త్రవేత్త. ఆయన గింజలు తెప్పించమన్నాడు. 1877 ప్రాంతంలో కడప జిల్లాలో నాటారు. వంటచెరకు దొరికింది. పచ్చిక పోయింది.

ఒట్టి కాయలే మేపితే పశువుకు జబ్బు చేస్తుంది. కాయల్ని ఎండబెట్టి, గింజ నలిగేలా దంచి, వేరే మేతలో కొంచెం కలపాలి. నలిగిన గింజ మొలవదు.