క్రొత్త మోటారు సైకిలు: మొదటి వేయి కిలోమీటర్లు

భీమునిపట్నము చుట్టుప్రక్కల గ్రామములలో క్రొత్త మోటారు సైకిలు కొన్నవారు సింహాచలము పోయి పూజ చేయించుట వాడుక. కొందరు భార్యాబిడ్డలను ఎక్కించుకొని అదే ఊపున కొండదారి పట్టుదురు. భక్తిని తప్పుపట్టనక్కరలేదు గాని, అంత బరువుతో కొండ ఎక్కుటకు ఆనాటికి ఇంజను సిద్ధముగా నుండదు. పూజ కొండ దిగువ తొలిపావంచా వద్దనే జరుపుకొనవచ్చును.

కారణ మేమనగా, సిలిండరు లోపలి గోడ అద్దమువలె నునుపుగా నుండదు. నూనె నిలుచుటకై దానిపై సన్నని ఏటవాలు గీతలను కర్మాగారముననే గీయుదురు. పిస్టను చుట్టు నుండు రింగులు ఆ గరుకును కొంచెము కొంచెముగా అరగదీయుచు గోడకు ఒదుగును. అట్లు ఒదిగినచో మండిన వాయువు క్రిందికి జారదు. నూనె పైకెక్కి కాలిపోదు. తొలిదినములలోనే ఇంజనును మితిమీరి వేడెక్కించినచో గోడ గీరుకొనిపోవును. మరీ సుకుమారముగా నడిపినను రింగులు ఒదుగక, గోడ నున్నబడి, తరువాత పొగగొట్టము నుండి నీలిపొగ రావచ్చును. ఈ రెండవ సంగతి చాలమంది ఎరుగరు.

కావున కంపెనీవారి పుస్తకములో తొలిదినములకు చెప్పిన వేగమును మించరాదు. ఒకే వేగమున చాలసేపు పోవుటయు తగదు. విశాఖపట్నము నుండి భీమిలికి సముద్రతీరపు దారి సుమారు 30 కిలోమీటర్లు. ఆ దారిలో ఆక్సిలరేటరు ఒకే తీరున పట్టి పోవుట సుఖముగానే యుండును, కాని క్రొత్త బండికి అది మేలు కాదు. నడుమ నడుమ వేగము తగ్గించుచు పెంచుచు పోవలెను. మిట్ట వచ్చినపుడు ఇంజనును మూలిగించక క్రింది గేరునకు దిగవలెను.

చేపలగంపలు మోయు బండ్ల సంగతి కష్టమైనది. అప్పు చేసి బండి కొన్నవాడు మరునాడే రెండు గంపలు కట్టి తగరపువలసకు బయలుదేరక తప్పదు. ఆగుమన్నచో ఆనాటి బేరము పోవును. అట్టివాడు మొదటి రెండు వారములు ఒక గంపతోనే తిరుగుట మంచిది. వాయిదాల కాగితముపై సాక్షి సంతకము పెట్టు పంచాయతీ సభ్యులు ఈ మాటయు అతనికి చెప్పవలెను.

ఒదుగుటలో రాలిన లోహపుపొడి నూనెలో కలియును. అందుచే మొదటి సర్వీసులో నూనె మార్పించవలెను. కంపెనీని బట్టి దాని గడువు సాధారణముగా 500 మొదలు 1,000 కిలోమీటర్ల లోపున నుండును. భీమిలి నుండి విశాఖకు ఎనిమిది తొమ్మిది మారులు పోయివచ్చునప్పటికే 500 నిండును. సర్వీసు ఉచితమైనను నూనె ఖరీదు సాధారణముగా కొన్నవారే ఇచ్చుకొనవలెను. అందుకే కొందరు వాయిదా వేయుదురు.

బ్రేకులు, టైరులు కూడ ఇంకను క్రొత్తవే. కావున తీరపు దారిలో ఇసుక పడిన మలుపులయందు బండిని వంచరాదు.