క్రిమినల్ ప్రొఫైలర్ అవ్వాలనుందా? హాజీపూర్ గురించి చదవండి

కూకట్‌పల్లి హాస్టళ్లలో శనివారం రాత్రి 'మైండ్‌హంటర్' పెడితే చాలు, సగం మందికి ఉద్యోగం మానేసి ప్రొఫైలర్ అయిపోవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. అందుకే అసలు ఆ పనేంటో చదివా.

సిరీస్‌కి మూలం నిజమే. ఎఫ్‌బీఐ ఏజెంట్లు రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్, నర్సింగ్ ప్రొఫెసర్ ఆన్ బర్జెస్ కలిసి 36 మంది హంతకులపై అధ్యయనం చేశారు. కళ్లలోకి చూసి మనసు చదివేయలేదు. జైళ్లలో గంటలకొద్దీ మాట్లాడి, ఆ జవాబుల్ని కేసు ఫైళ్లతో పక్కపక్కన పెట్టి పోల్చారు. 1985లో ఎఫ్‌బీఐ మొదలుపెట్టిన 'వైక్యాప్' పని కూడా ఇదే: వేర్వేరు ఊళ్ల కేసుల్లో పోలికలు పట్టుకోవడం.

ఇది మనకెందుకు? పక్క జిల్లా యాదాద్రి భువనగిరిలోని హాజీపూర్ చూడండి. 2015లో ఆ చుట్టుపక్కల 11 ఏళ్ల పాప కనిపించకుండా పోయింది. 2019 మార్చిలో ఓ కాలేజీ అమ్మాయి. ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి. ఈ మూడో కేసులో దొరికిన శ్రీనివాస్ రెడ్డిని విచారిస్తేనే మిగతా రెండూ బయటపడ్డాయి. అప్పటికే అతను కర్నూలులో ఓ హత్య కేసులో నిందితుడు. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు మరణశిక్ష వేసింది.

నేను పగలంతా సర్వర్ లాగ్స్ చూస్తా. ఒక ఎర్రర్ ఒక్కసారి వస్తే ఏమీ చెప్పదు. అదే చోట మళ్లీ వస్తే వెతకాల్సిందే. హాజీపూర్‌లో ఆ 'మళ్లీ'ని చూడటానికి నాలుగేళ్లు పట్టింది.

ఇక కెరీర్ సంగతి. మన దగ్గర 'ప్రొఫైలర్' అని నోటిఫికేషన్ పడదు. ఉన్న దారి ఫోరెన్సిక్ సైకాలజీ. సైకాలజీలో డిగ్రీ చేసి, పీజీకి గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ లాంటి చోట చేరొచ్చు. క్లినికల్ వైపు వెళ్తే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. బీటెక్ వాళ్లకి డేటా వైపు పనుంది: పోలీస్ స్టేషన్లను కలిపే సీసీటీఎన్ఎస్ ఉన్నది అందుకే.

ఒక హెచ్చరిక. ప్రొఫైల్ సాక్ష్యం కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే సూచన మాత్రమే. నిందితుడు ఒప్పుకోకపోతే నార్కో పరీక్ష కూడా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

కాబట్టి ఈ ఫీల్డ్‌లోకి రావాలంటే హంతకుడి మీద కుతూహలం ఒక్కటే సరిపోదు. ఆడపిల్ల కనిపించట్లేదంటే 'ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందిలే' అనేసే చోట, పాత ఫైలు తీసి పక్కన పెట్టి చూసే ఓపిక కావాలి.