వేకువజామున ఒంటరి నడక... చిరుత తిరిగే దారి!

బాలాపూర్ అనగానే ఎవరికైనా గుర్తుకొచ్చేది గణేశుని లడ్డూ. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ వేలంపాట 2025లో 35 లక్షల రూపాయలు పలికింది. అయితే అదే సంవత్సరం, వినాయక చవితికి ఇంకా నెలన్నర ఉందనగా, ఈ ఊరి పేరు మరో సంగతితో నలుగురి నోళ్ళలో నానింది. ఆ సంగతి చిరుతపులి!

బాలాపూర్‌ను ఆనుకుని ఉన్న రక్షణ పరిశోధన కేంద్రం రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఆవరణలో రెండు చిరుతలు కనిపించాయన్న వార్త 2025 జూలైలో పొక్కింది. ఒంటరిగా తిరగవద్దని అక్కడివారిని హెచ్చరించారు. అదే నెలాఖరున నగరానికి ఆవలి వైపున మంచిరేవుల వద్ద ఒక చిరుత బోనులో చిక్కింది. అంతకు ముందు 2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, కాటేదాన్ సమీపంలో నడిరోడ్డు మీద పడుకున్న చిరుతను చూసి జనం హడలిపోయారు.

ఊళ్ళోకి చిరుత ఎందుకు వస్తుంది? ఒక విధంగా చూస్తే ఊరే దాని దగ్గరకు వెళ్ళింది. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా రాళ్ళగుట్టలు, తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు. ఇక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోని వనస్థలిపురం అడవి నిజాం నవాబు వేటమైదానం. 1975లో దాన్ని జింకల పార్కుగా మార్చి, మహావీరుని 2,500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా ఆయన పేరు పెట్టారు. 1994లో అది జాతీయ వనమైంది. నేడు ఆ 3,600 ఎకరాలూ ఇళ్ళ నడుమ దీవిలా మిగిలాయి. చుట్టూ ఉన్న గుట్టలు చాలావరకు ప్లాట్లయ్యాయి. మనిషి అలికిడి తక్కువగా ఉండి, ప్రహరీ లోపల చెట్టూ చేమా మిగిలిన చోటునే జంతువు వెతుక్కుంటుంది.

చిరుతకు మనిషి ఆహారం కాదు. దానికి కావలసింది కుక్కలు, పందులు, మేకలు, దూడలు. మాంసం వ్యర్థాలు, చచ్చిన పశువులు ఊరి బయట పారవేస్తే వాటికోసం కుక్కలు మూగుతాయి. కుక్కల కోసం చిరుత వస్తుంది. పొద్దుగూకిన తరువాత బయలుదేరి, తెల్లవారేలోగా తిరిగి పొదల్లోకి చేరటం దాని అలవాటు.

చిక్కంతా ఇక్కడే ఉంది. నోట్లో వేపపుల్ల వేసుకుని గుట్టవైపు నడిచే పెద్దమనిషి, మోటారు వేయటానికి వెళ్ళే రైతు, పాలకు బయలుదేరే గొల్లాయన, ఆరోగ్యం కోసం నడిచే ఉద్యోగి, అందరూ దారి పట్టేది సరిగ్గా ఆ వేళకే. చిరుత ఇంటిదారి పట్టే వేళకు మనిషి ఇల్లు విడుస్తున్నాడు!

నడకదారిలో చిరుత అనగానే తిరుమల కళ్ళముందు మెదులుతుంది. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత దేవస్థానం వారు భక్తులను గుంపులుగా నడవమన్నారు. చేతికి కర్రలిచ్చారు. మధ్యాహ్నం రెండు దాటితే పదిహేనేళ్ళలోపు పిల్లలను ఆ దారిన పంపలేదు. కొండమీద భక్తులకు చెప్పిన జాగ్రత్తే కొండకింద రైతుకూ వర్తిస్తుంది.

గుట్టల పక్క దారుల్లో పొద్దు పొడిచాకే నడవటం మంచిది. తప్పనిసరైతే ఇద్దరు ముగ్గురు కలిసి, టార్చిలైటు, కర్ర పట్టుకుని, మాట్లాడుకుంటూ నడవాలి. సెల్‌ఫోనులో పాట పెట్టుకున్నా మేలే, అయితే అది చెవిలో కాదు, బయటకు వినపడాలి. పిల్లలను ముందు నడవనీయరాదు. పొదల పక్కన వంగటం, గొంతుకు కూర్చోవటం ప్రమాదం. కూర్చున్న మనిషి చిరుత కంటికి చిన్న జంతువులా కనిపిస్తాడు. రాత్రివేళ మేకలను, దూడలను పైకప్పు, గట్టి తలుపు ఉన్న కొట్టంలోనే కట్టాలి.

ఎదురుపడితే పరుగెత్తరాదు. పరుగెత్తేదాన్ని తరమటం దాని నైజం. నిటారుగా నిలబడి, చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కు జరగాలి. వెళ్ళటానికి దానికి దారి వదలాలి. కర్రలతో, రాళ్ళతో చుట్టుముడితే అది మీద పడే ప్రమాదం ఉంది. వెంటనే అటవీశాఖకో, పోలీసులకో కబురు చేయాలి.

కోపంతో విషం పెట్టటం, ఉచ్చు వేయటం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిరుతను చంపిన వారికి మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడుతుంది. 2022 లెక్కల ప్రకారం దేశమంతటా ఉన్న చిరుతలు 13,874 మాత్రమే.

ఒక గంట ఆలస్యంగా బయలుదేరితే పొలం పని ఆగదు, ఆరోగ్యం చెడదు. ఆ గంటలో చిరుత తన దారిన తాను పోతుంది. మనిషి తన దారిన తాను క్షేమంగా ఇల్లు చేరతాడు.