పదకొండో నంబరు

తుపాను రోజుల్లో పేపరు చూస్తుంటావు గదా నాయనా, 'కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వేస్తారు. ఒకటో నంబరంటే ఎక్కడో నడిసముద్రంలో వాయుగుండానికి అదును కుదురుతోందని. రెండంటే తుపాను పుట్టేసిందని. మూడు, నాలుగుతో అది మన రేవు జోలికొచ్చినట్టు. ఐదు నుంచి ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెనుప్రమాదం. గాలి ఒకటే అయినా, ఏ నంబరుకు ఎవరు లేచి పరిగెత్తాలో ముందే తేల్చిపెట్టారు చూడు, అదీ గొప్ప.

వెబ్‌సైట్లు కట్టడానికి నువ్వు నేర్చుకునే జాంగోలోనూ ఆ తేల్చడమే అసలు పని. జాంగోకు ఆధారమైన పైథాన్‌లో కబుర్ల తీవ్రతకు మెట్లు ఐదు: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. మధ్యలో ఖాళీలెందుకంటావా? కావాలంటే నీ సొంత మెట్టు ఒకటి ఇరికించుకోవచ్చు. ఎవరన్నా లేని పేజీ అడిగితే 404, జాంగో దాన్ని వార్నింగ్ కింద రాసుకుంటుంది. ప్రోగ్రామే చేతులెత్తేస్తే 500, అది ఎర్రర్.

రొయ్యల చెరువులో ఆక్సిజన్ లెక్కలు రాసే సైటు కట్టావనుకో. పది నిమిషాలకోసారి వచ్చే అంకె ఇన్ఫో. మీటరు ఒకసారి ఖాళీ అంకె పంపితే వార్నింగ్. డేటాబేస్ అసలు రాసుకోనంటే ఎర్రర్. సెట్టింగ్స్ ఫైల్లో లాగింగ్ అని ఒక పట్టీ రాసుకోవచ్చు. అందులో రెండు హ్యాండ్లర్లు పెట్టు. ఒకటి ఇన్ఫో మొదలు అన్నీ ఫైల్లోకి ఎక్కిస్తుంది, రెండోది ఎర్రర్, ఆపైవి మాత్రమే నీకు మెయిల్ చేస్తుంది. అన్నీ మెయిల్ చేయమన్నావో, వారం తిరక్కుండా నువ్వే చూడకుండా తుడిచేస్తావు. ఏడాది పొడుగునా పదో నంబరు ఎగరేసి ఉంచితే ఏ పట్టపుకాపు పడవ ఒడ్డుకు లాగుతాడు చెప్పు?

ఇంకో సంగతి, దీన్ని చాలామంది మరిచిపోతారు. డీబగ్ సెట్టింగు ఆపేశాక ఎర్రర్లను జాంగో తనంతట తానే అడ్మిన్లకు మెయిల్ చేస్తుంది, నిజమే. ఆ అడ్మిన్స్ జాబితా ఖాళీగా వదిలేస్తే మాత్రం ఒక్క ఉత్తరమూ కదలదు. సైటు జనంలోకి వదిలే ముందు కావాలని ఒక తప్పు చేసి, మెయిల్ వచ్చిందో లేదో చూసుకో.

ఇక పదకొండో నంబరు. నాకు బాగా నచ్చింది ఇదే. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడేట్టుందని ఇక్కడి అధికారికి తోస్తోంది అని దానర్థం. కబురు రాకపోవడాన్నే ఒక కబురుగా లెక్కగట్టారు! 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసిన సీమ మనది, ఆ పదకొండో నంబరు విలువ మనకు తెలుసు.

జాంగోలో మాత్రం పదకొండో నంబరు లేదు నాయనా. సర్వర్ కరెంటు పోయి చచ్చి పడుంటే అది ఏ ఎర్రరూ రాయదు, ఏ మెయిలూ పంపదు. ఫైలు చూస్తే అంతా ప్రశాంతంగానే ఉంటుంది. అందుకని వేరే చోట వేరే మెషీన్‌తో ఐదు నిమిషాలకోసారి నీ సైటు తలుపు తట్టించు, రెండుసార్లు పలక్కపోతే నీ ఫోనుకు కబురు పెట్టమను. ఆ మెషీన్ మాత్రం సర్వర్ ఉన్న గదిలోనే, అదే కరెంటు మీద ఉండకూడదు.