బిట్ల లెక్కకు తగిన సంఖ్యలు ఏవి?

కంప్యూటర్ మెమరీలో ప్రతి సంఖ్యా సున్నాలు, ఒకట్ల వరుసగానే నిలిచి ఉంటుంది. ఆ వరుసలోని ఒక్కొక్క స్థానాన్ని బిట్ అంటారు. కూడికలు, తీసివేతలు సంఖ్య విలువతో పనిచేస్తే, బిట్‌వైజ్ ప్రక్రియలు ఆ వరుసలోని బిట్లతోనే నేరుగా పనిచేస్తాయి. 12ను 1100గా, 10ని 1010గా రాసి ‘అండ్’ ప్రక్రియ జరిపితే, రెండింటిలోనూ ఒకటి ఉన్న చోట మాత్రమే ఒకటి మిగిలి 1000, అంటే 8 వస్తుంది. యూనిక్స్‌లో ఫైలును చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 చొప్పున కేటాయించి, మూడు అనుమతులను ఒకే అంకెలో ఇమడ్చగలగడానికి ఈ ప్రక్రియలే ఆధారం.

వీటిని ఏ రకం సంఖ్యలకు అనుమతించాలన్నది ప్రోగ్రామింగ్ భాషను రూపొందించేవారు ముందే తేల్చుకోవలసిన ప్రశ్న. పూర్ణాంకాల విషయంలో సమాధానం సులభం. భిన్నాలను సైతం చూపగల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల దగ్గరే చిక్కు మొదలవుతుంది. 1985లో వెలువడిన ఐఇఇఇ 754 ప్రమాణం ప్రకారం 32 బిట్ల ఫ్లోటింగ్ సంఖ్యలో ఒక బిట్ గుర్తుకు, 8 బిట్లు ఘాతానికి, 23 బిట్లు భిన్న భాగానికి చెందుతాయి. అందువల్ల ఒకటి అనే విలువ పూర్ణాంకమైతే చివరి బిట్ ఒక్కటే ఒకటిగా ఉంటుంది. ఫ్లోటింగ్ సంఖ్యయితే చివరి 23 బిట్లూ సున్నాలై, ఘాత భాగంలో ఏడు ఒకట్లు కనిపిస్తాయి. ప్రక్రియను విలువకు వర్తింపజేయాలా, బిట్ల అమరికకు వర్తింపజేయాలా అన్నది తేలనందువల్లనే సి, జావా, పైథాన్ భాషలు బిట్‌వైజ్ ప్రక్రియలలో ఫ్లోటింగ్ సంఖ్యలను నిరాకరిస్తాయి.

1995లో వచ్చిన జావాస్క్రిప్ట్ మరో దారి పట్టింది. సాధారణ సంఖ్యలన్నీ 64 బిట్ల ఫ్లోటింగ్ రకానివే అయిన ఆ భాష, బిట్‌వైజ్ ప్రక్రియ ఎదురైనప్పుడు వాటిని 32 బిట్ల పూర్ణాంకాలుగా మార్చివేస్తుంది. కనుక 5.7ను సున్నాతో ‘ఆర్’ (రెండింటిలో ఏ ఒక్కదానిలో ఒకటి ఉన్నా ఒకటిని ఇచ్చే ప్రక్రియ) చేస్తే 5 వస్తుంది. 2147483648ను అలాగే చేస్తే, ఏ హెచ్చరికా లేకుండా, అదే సంఖ్య రుణాత్మకమై తిరిగివస్తుంది. 2015 నాటి లువా 5.3 మధ్యేమార్గం ఎంచుకొని, 3.0ను పూర్ణాంకంగా స్వీకరించి, 3.5ను మాత్రం దోషంగా ప్రకటిస్తుంది.

పూర్ణాంకాలలోనూ ఒక సూక్ష్మం ఉంది. పైథాన్ పూర్ణాంకాలకు నిర్ణీత పొడవు లేనందున, రుణ సంఖ్యకు ఎడమవైపు అంతులేని ఒకట్లు ఉన్నట్టు ఆ భాష భావిస్తుంది. 2020లో జావాస్క్రిప్ట్‌లో చేరిన బిగ్‌ఇంట్ రకం కూడా అటువంటిదే. ఎడమవైపు సున్నాలను నింపుతూ కుడికి జరిపే ప్రక్రియకు హద్దు తెలియాలి గనుక, ఆ ఒక్క ప్రక్రియను బిగ్‌ఇంట్‌కు నిషేధించారు.

ఈ నిషేధంలోనే ప్రశ్నకు సమాధానం ఉంది: ఏ రకంలో ప్రతి బిట్‌కూ ఒకే స్పష్టమైన అర్థం ఉంటుందో, ఆ రకానికే బిట్‌వైజ్ ప్రక్రియలు తగినవి. మిగిలినచోట మార్పిడిని ప్రోగ్రామరే తెలిసి రాయాలి తప్ప, భాష మౌనంగా చేయకూడదు. ఎందుకంటే దోషమని ఆగిపోయిన ప్రోగ్రామును సరిదిద్దవచ్చు గాని, తప్పు సంఖ్యతో సాగిపోయే ప్రోగ్రాములో పొరపాటు ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు.