రహీం నేర్పిన లెక్క

జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఓడినప్పుడెల్ల అనుభవజ్ఞులను తప్పించి కుఱ్ఱవారిని దింపవలెనను కోరిక దేశమంతట చెలరేగుచుండును. ఈ సమస్యను నాటి జాతీయ జట్టు శిక్షకుడు, మన హైదరాబాదు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం ఏనాడో పరిష్కరించి చూపెను.

1952 హెల్సింకీ ఒలింపిక్సులో మనవారు, పలువురు బూట్లు లేకయే ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిరి. ఆ పరాభవమునకు కుంగక, రహీం నూతన తరమును తీర్చిదిద్దసాగెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాస్ బలరాం, బెంగాల్ నుండి వచ్చిన పి.కె. బెనర్జీ, ఇంచుమించు ఇరువది యేండ్ల ప్రాయముననే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సు జట్టులో చేరిరి. ఆ యేడు మనకు నాల్గవ స్థానము దక్కినది. నాటి కుఱ్ఱవారే 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి పండిన ఆటగాండ్రైరి. ఇరువది నాలుగేండ్ల చునీ గోస్వామి నాయకుడు.

అక్కడ తొలి మ్యాచిలో దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించినది. పిదప డిఫెండరు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడగా, రహీం అతనిని ఫార్వర్డుగా ముందుకు పంపెను. ఫైనలులో అదే కొరియాపై బెనర్జీ, జర్నైల్ చెరియొక గోలు చేయగా, 2-1తో స్వర్ణము మనదైనది. గాయపడినవానికి క్రొత్త స్థానమునిచ్చి గెలిపించిన ఆ యుక్తి అనుభవము ప్రసాదించినదే. అప్పటికే క్యాన్సరుతో బాధపడుచున్న రహీం మఱుసటి సంవత్సరమే కన్నుమూసెను.

1956లో చేరిన కుఱ్ఱవారు 1962లో గెలిపించిరి; కావున యువకుని ఎన్నుకొనుట నేటి గెలుపు కొఱకు కాదు, ఆరేండ్ల తరువాతి గెలుపు కొఱకు; ఆ ఆరేండ్లు పెద్దల ప్రక్కన నిలిచి నేర్చుకొననిదే ఆ ఎన్నిక ఫలింపదు. అనంతపురములో ఆర్.డి.టి. అను సేవాసంస్థ వారి క్రీడాగ్రామము పల్లె బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పుట ఈ మార్గమున శ్లాఘనీయమైన అడుగు.

వానచుక్క కొఱకు వేరుసెనగ రైతు ఎదురుచూచు మా రాయదుర్గములోనూ మైదానములున్నవి, వాటిలో పరుగెత్తు పిల్లలున్నారు. ఒకప్పుడు కళాశాల జట్లలో ఆడిన పెద్దలారా, సాయంకాలము ఒక గంట ఆ పిల్లల చెంత నిలువుడు. మీ అనుభవమును వారికీయుడు. రేపటి జట్టును వారే నిలిపెదరు.